పైపు మీద అచ్చయ్యే ఆ ఒక్క వరుస

మా ఫ్యాక్టరీలో లైన్ చివర, కట్టర్‌కి కాస్త ముందు, ఒక చిన్న ప్రింటర్ ఉంటుంది. పైపు కదులుతున్నంతసేపూ అది ఒకే వరుసను అచ్చు వేస్తూ పోతుంది. కంపెనీ పేరు, పైపు బయటి వ్యాసం, క్లాసు, ఎన్ని కేజీల ఒత్తిడికి పనికొస్తుందో ఆ అంకె, బ్యాచ్ నంబరు, ఐఎస్ఐ గుర్తు. గుర్తుకి పైన ఐఎస్ 4985 అని పీవీసీ పైపుల స్టాండర్డ్ నంబరు, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే మా లైసెన్సు నంబరు ఉంటాయి. మూడు మీటర్లకు మించి ఎడం లేకుండా ఈ వరుస మళ్ళీ మళ్ళీ రావాలి. సిరా రంగుకి కూడా లెక్క ఉంది. 4 కేజీల పైపుకి నీలం, 6 కేజీలకి ఆకుపచ్చ, 10 కేజీలకి పసుపు.

నేను హైదరాబాద్ కాటేదాన్‌లో ఒక చిన్న పీవీసీ పైపుల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఫార్మా కంపెనీలోకి వెళ్ళకుండా పైపుల్లోకి ఎందుకొచ్చావని ఇప్పటికీ అడుగుతారు. మా నాన్నది నల్గొండ జిల్లాలో బత్తాయి తోట. బోరు నుంచి తోటదాకా భూమిలో వేసిన పైపులైను ఎండాకాలంలో పగిలితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. ఎక్కడ పగిలిందో వెతకాలి, తవ్వాలి, కూలీలు దొరకాలి, కొత్త ముక్క అతికించాలి. ఈలోపు చెట్టు కాయ రాలుస్తుంది. పైపు రైతు ఖర్చులో చిన్న భాగమే కానీ, అది పాడైతే పోయేది ఒక పంట.

చిన్న ఫ్యాక్టరీలకు స్టాండర్డ్‌లు ఒక బరువు అని మా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపిస్తుంది. నేను అలా అనుకోను. మాలాంటి వాళ్ళు పెద్ద కంపెనీల పక్కన నిలబడి సరుకు అమ్ముకోగలుగుతున్నామంటే ఆ వరుస వల్లే. ఎందుకో చెప్పాలంటే ముందు పైపు లోపలి సంగతి చెప్పాలి.

మా వ్యాపారంలో క్లాస్ 2, క్లాస్ 3 అని ఎవరూ అనరు. రైతులు, డీలర్లు, ప్లంబర్లు అందరూ కేజీల్లోనే మాట్లాడతారు. ‘నాలుగు కేజీల పైపు’, ‘ఆరు కేజీల పైపు’. చదరపు సెంటీమీటరుకు అన్ని కేజీల ఒత్తిడిని ఏళ్ళ తరబడి మోస్తుందని దానర్థం. ఆ మోసే శక్తి గోడ మందం నుంచి వస్తుంది. 110 ఎంఎం సైజులో 6 కేజీల పైపు గోడ ఎక్కడ కొలిచినా 3.7 ఎంఎంకి తగ్గకూడదు. దాన్ని 3.2కి తీస్తే కంటికి తేడా తెలియదు. చేత్తో పట్టుకున్నా తెలియదు. కానీ 20 అడుగుల పైపు ఒక్కోదాని మీద దాదాపు కేజీన్నర ముడిసరుకు మిగులుతుంది. రోజుకి వందల పైపులు తీసే లైన్ మీద అది ఎంత డబ్బో లెక్కేసుకోండి. దొంగతనం జరిగేది ఆ అర మిల్లీమీటరులోనే.

ఇది సులభంగా పట్టుకోగలిగే మోసం. మందం కొలిచే వెర్నియర్ ఉంటే చాలు. ఇంకోటుంది, దాన్ని పట్టుకోవడం కష్టం.

మా నాన్న తరం రైతులు పైపు కొనేటప్పుడు ఒక కొస పట్టుకుని ఎత్తి చూస్తారు. బరువుగా ఉంటే మంచిదని నమ్మకం. ఆ నమ్మకాన్ని తెలిసిన వాళ్ళు అందులో సున్నపురాయి పొడి, మేము ఫిల్లర్ అంటాం, కాల్షియం కార్బొనేట్, దండిగా కలుపుతారు. కొంత ఫిల్లర్ ప్రతి పైపులోనూ ఉంటుంది, అది తప్పు కాదు. పైపు గట్టిగా ఉండటానికి, లైన్ సాఫీగా నడవటానికి కొద్దిగా కావాలి కూడా. కానీ పైపుకి అసలు ముడిసరుకైన పీవీసీ రెసిన్ కంటే ఫిల్లర్ చాలా చవక, పైగా దాదాపు రెండింతలు బరువు. ఎంత ఎక్కువ కలిపితే పైపు అంత చవకగా తయారవుతుంది, అంత బరువుగానూ ఉంటుంది. రైతు ఎత్తి చూసి సంతోషంగా ట్రాక్టర్ మీద వేసుకుంటాడు. అదే పైపు రెండో ఎండాకాలానికి పెళుసుబారి, పార తగిలితే గాజులా పగిలిపోతుంది.

అందుకే ఐఎస్ 4985లో సాంద్రతకి కింది హద్దుతో పాటు పై హద్దు కూడా పెట్టారు. ఘన సెంటీమీటరుకు 1.40 నుంచి 1.46 గ్రాముల మధ్యే ఉండాలి. పై హద్దు దాటిందంటే అందులో పొడి ఎక్కువైందని. ముక్కని కాల్చి, మిగిలిన బూడిదని తూచే పరీక్ష కూడా ఉంది. ఈ రెండు పరీక్షల ముందు ఏ మిక్సింగ్ తెలివీ దాగదు. రైతు చెయ్యి కనిపెట్టలేనిదాన్ని ఆ అంకె కనిపెడుతుంది. ఈ స్టాండర్డ్ మొదటిసారి 1968లో వచ్చింది, తర్వాత ఎన్నోసార్లు మార్చి రాశారు, ఈ మధ్య 2021లో. ఆ పై హద్దు పెట్టాలని కమిటీలో వాదించినవాళ్ళు ఎవరో నాకు తెలియదు కానీ వాళ్ళకి మార్కెట్ తెలుసు.

మా ల్యాబ్ అంటే షెడ్డులో ఒక మూల గాజు తలుపు పెట్టిన గది. అందులో నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇంపాక్ట్. పైపు ముక్కల్ని మంచునీళ్ళలో సున్నా డిగ్రీల దగ్గర నానబెడతాం. తీసిన వెంటనే, వేడెక్కేలోపు, గుండ్రటి ముక్కు ఉన్న బరువుని నిర్ణయించిన ఎత్తు నుంచి దాని మీద వదులుతాం. మంచి పైపు ‘ధడ్’మని తిప్పికొడుతుంది. చెత్త పైపు పటుక్కున విరుగుతుంది. దెబ్బలన్నిటిలో పగుళ్ళ వాటా 10 శాతం దాటకూడదు. కాటేదాన్ ఎండలో సున్నా డిగ్రీలెందుకని ట్రైనింగ్‌కి వచ్చిన పిల్లలు అడుగుతారు. చల్లబడినప్పుడే ప్లాస్టిక్ పెళుసుదనం బయటపడుతుంది. ఎండలో దాక్కున్న లోపం మంచునీళ్ళలో దాక్కోలేదు.

ఇంకోటి రివర్షన్. పైపు ముక్క మీద 100 ఎంఎం దూరంలో రెండు గీతలు గీసి, 150 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, తీసి చల్లారాక మళ్ళీ కొలవడం. 5 శాతానికి మించి మారకూడదు. మారిందంటే లైన్‌ని తొందరపెట్టి, పైపుని సాగదీసి లాగారని అర్థం. నైట్ షిఫ్ట్‌లో టన్నేజీ కోసం పైపుని లాగే హాల్-ఆఫ్ మెషీన్ స్పీడు పెంచిన సంగతి పొద్దున ఓవెన్ నాకు చెబుతుంది. దీని మీద మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌తో నాకు చాలా గొడవలయ్యాయి. ఇప్పుడాయనే పొద్దున్నే ఫోన్ చేసి ‘మేడమ్, రివర్షన్ ఎంతొచ్చింది?’ అని అడుగుతాడు.

ఒపాసిటీ పరీక్ష గురించి చెబితే అందరూ ఆశ్చర్యపోతారు. పైపు గోడ గుండా లోపలికి వెళ్ళే వెలుతురు 0.2 శాతం కూడా దాటకూడదు. వెలుతురు పోతే లోపల నాచు పడుతుంది. డాబా మీద ట్యాంక్ నుంచి కిందికొచ్చే పైపులో పచ్చగా పాకుడు పట్టడం చాలామంది చూసే ఉంటారు, కారణం అడిగినవాళ్ళు తక్కువ.

ఇక ఒత్తిడి పరీక్ష. ముక్కకి రెండు వైపులా క్యాప్‌లు బిగించి, నీళ్ళు నింపి, 27 డిగ్రీల దగ్గర గంటసేపు, రోజువారీ పని ఒత్తిడి కంటే ఎంతో ఎక్కువ ఒత్తిడి పెడతాం. పొలంలో అవసరమే అంత ఉండదు కదా అనిపిస్తుంది. ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆటో స్టార్టర్ మోటారుని ఆన్ చేస్తుంది, ఖాళీగా ఉన్న లైన్‌లోకి నీళ్ళు ఒక్కసారిగా తన్నుకొస్తాయి, మలుపు దగ్గర పైపు మీద పడే దెబ్బ మామూలుది కాదు. పెద్ద పరీక్ష ఇంకోటి ఉంది, 60 డిగ్రీల వేడిలో 1000 గంటలు. అంటే ఆరు వారాలు పైపు ఒత్తిడి మోస్తూ నిలబడాలి. భూమిలో దశాబ్దాల తర్వాత ఎలా ఉంటుందో ఇప్పుడే అంచనా వేయడానికి. అది మా దగ్గర చేయలేం, బయటి ల్యాబ్‌కి పంపుతాం. ఆ ఆరు వారాలూ ఓనర్‌కి టెన్షన్, నాకూ టెన్షన్.

ఇవన్నీ ఒక పద్ధతి ప్రకారం జరగాలి. ఏ పరీక్ష ఎన్ని గంటలకోసారి, ఎన్ని ముక్కల మీద, ఎవరు చేయాలి, ఏ రిజిస్టరులో రాయాలి అన్నది స్టాండర్డ్‌లు రాసి గుర్తుకి లైసెన్సు ఇచ్చే జాతీయ సంస్థ బీఐఎస్, లైసెన్సుతో పాటు రాసిస్తుంది. పైపు మీద బ్యాచ్ నంబరు ఉన్నది ఇందుకే. మీరు ఆ నంబరు చెబితే ఆ రోజు ఏ లాట్ రెసిన్ వాడాం, ఎంత ఫిల్లర్ పడింది, ఏ షిఫ్ట్, మందం ఎంత, సాంద్రత ఎంత అన్నీ తీసి చూపించగలను. గుర్తుని ఎవరైనా అచ్చు వేయగలరు. రిజిస్టరుని అచ్చు వేయలేరు.

దీని వెనక చరిత్ర చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను. ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్, అదే ఐఎస్ఐ, 1947 జనవరి 6న పుట్టింది. స్వాతంత్ర్యం ఇంకా రాలేదు. దాని మొదటి డైరెక్టర్ డాక్టర్ లాల్ చంద్ వర్మన్. దేశం అంటూ ఒకటి ఏర్పడితే అది తయారుచేసే బోల్టు, సిమెంటు, వైరు ఎలా ఉండాలో కూడా రాసుకోవాలని ముందే ఆలోచించినవాళ్ళున్నారన్నమాట. 1951లో వచ్చిన ఐఎస్ 1, అంటే ఒకటో నంబరు స్టాండర్డ్, మన జాతీయ జెండాది. కొలతలు, రంగులు, ఖాదీ బట్ట ఎలా ఉండాలి అన్నీ అందులో ఉంటాయి. 1921లో బెజవాడలో గాంధీగారికి పింగళి వెంకయ్యగారు జెండా నమూనా ఇచ్చారని మనందరం చదువుకున్నాం. ఆ జెండా పరిణామం చెంది, చివరికి ఈ దేశపు మొట్టమొదటి స్టాండర్డ్ అయిందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. హుబ్బళ్ళి దగ్గర బెంగేరి ఖాదీ సంఘంలో ఆ స్టాండర్డ్ ప్రకారం జెండాలు కుడతారు.

1952లో గుర్తు వేసే చట్టం వచ్చింది, 1955 నుంచి సరుకుల మీద ఐఎస్ఐ గుర్తు మొదలైంది. 1987 ఏప్రిల్ 1న సంస్థ పేరు బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్‌గా మారింది కానీ, జనం నోట్లో, గుర్తులో ఐఎస్ఐ అనే ఉండిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది 2016 చట్టం. దొంగ గుర్తు వేస్తే జైలు, లక్షల్లో జరిమానా. సరుకు నాసిదని తేలితే వెనక్కి రప్పించడం, కొన్నవాళ్ళకి పరిహారం ఇప్పించడం కూడా అందులో ఉన్నాయి. ఆ రెండూ సామాన్యుడికి ఇంకా తెలియాల్సినంత తెలియలేదు.

మా ఓనర్ ఈ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు లైసెన్సు లేదు. ఆ రోజుల గురించి ఆయన చెబుతుంటారు. సరుకు ఎంత బాగా తీసినా డీలర్ దగ్గర మాట చెల్లేది కాదు. పెద్ద కంపెనీ పైపు పక్కన పెట్టి ‘దీనికి టీవీలో యాడ్ వస్తది, నీదానికి ఏముంది సార్?’ అనేవాళ్ళట. రేటు తగ్గించాల్సిందే. తగ్గిస్తూ పోతే నాణ్యత తగ్గించక తప్పదు. చిన్న ఫ్యాక్టరీలు పాడయ్యేది ఈ దారిలోనే. ఓనర్లు చెడ్డవాళ్ళు కావడం వల్ల కాదు, మంచి సరుకుకీ చెడ్డ సరుకుకీ తేడా కొనేవాడికి కనిపించే మార్గం లేకపోవడం వల్ల.

లైసెన్సు వచ్చాక అదే డీలర్ ముందు మాట్లాడే తీరు మారింది. ప్రభుత్వ పనులకి టెండర్ వేసే అర్హత వచ్చింది. తెలంగాణలో మిషన్ భగీరథ, దేశమంతా 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్, ఊళ్ళలో ఇంటింటికీ నల్లా అన్నప్పుడు ఎన్ని వేల కిలోమీటర్ల పైపు కావాలో ఊహించండి. ఆ పనుల్లో ఐఎస్ఐ గుర్తు లేని పైపుని గేటు లోపలికి కూడా రానివ్వరు. పంపేముందు థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్ వచ్చి, తనకి నచ్చిన పైపుల్ని తీసి, తన ముందే పరీక్ష చేయిస్తాడు. ఆ ఇన్‌స్పెక్టర్‌కి మా పేరు తెలియదు, మా యాడ్ తెలియదు. అంకె సరిపోతే మేమూ పెద్ద కంపెనీతో సమానం. నాకు దీనికంటే పెద్ద న్యాయం వ్యాపారంలో కనిపించలేదు.

ఫీజు మాట కూడా చెప్పాలి. గుర్తు వేసుకుంటున్నందుకు ఏటా కట్టాల్సిన కనీస మార్కింగ్ ఫీజులో సూక్ష్మ పరిశ్రమలకు 80 శాతం, చిన్నవాటికి 50 శాతం, మధ్యరకం వాటికి 20 శాతం రాయితీ ఉంది. చాలామంది చిన్న ఓనర్లకి ఈ విషయం కన్సల్టెంట్ చెప్పడు. ఒకప్పుడు స్టాండర్డ్ పుస్తకాలు డబ్బు పెట్టి కొనాల్సి వచ్చేది, ఇప్పుడు బీఐఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దిగుతాయి. అయితే ఉన్నది ఇంగ్లిష్. మా మెషీన్ల మీద పనిచేసే పిల్లల్లో సగం మంది మహబూబ్‌నగర్ వైపు వాళ్ళు, సగం బిహార్ వాళ్ళు. వాళ్ళకోసం నేను మందం, రంగు, బరువు హద్దుల్ని తెలుగులో, హిందీలో పెద్ద అక్షరాలతో రాసి ప్రతి లైన్ పక్కన గోడకి అంటించాను. అది అంటించాక మందం తగ్గి వచ్చే పైపులు ల్యాబ్‌దాకా రావడం తగ్గింది. ఆపరేటరే ముందు పట్టుకుని స్క్రాప్‌లో వేస్తున్నాడు.

ఇప్పుడు కష్టాలు. ఒక డీలర్, పెద్ద ఆర్డరే, మా ఓనర్‌తో ‘మందం కొంచెం తగ్గించి తియ్యండి, గుర్తు మాత్రం ఉండనివ్వండి, అందరూ చేసేదే’ అన్నాడు. ఓనర్ కాదన్నారు. ఆ సీజన్‌లో ఆ ఆర్డర్ ఇంకెక్కడికో పోయింది, మా లైన్ ఒకటి కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. జీతాలకి ఓనర్ ఇబ్బంది పడటం నేను చూశాను. నిజాయితీకి ఖరీదు ఉంటుందని అందరూ తేలిగ్గా అంటారు. ఆ ఖరీదు ఎప్పుడూ నిజాయితీపరుడే కట్టాలంటే ఏ పరిశ్రమా నిలబడదు. అందుకే మార్కెట్ మీద నిఘా నాకు ముఖ్యం. బీఐఎస్ వాళ్ళు చెప్పకుండా ఫ్యాక్టరీకి వస్తారు, శాంపిల్ తీసి సీల్ వేసి ల్యాబ్‌కి పంపుతారు. షాపుల్లో కూడా కొని పరీక్ష చేయిస్తారు. ఫెయిలైతే స్టాప్ మార్కింగ్. అంటే గుర్తు వేయడం ఆపాలి. మా వీధిలోనే ఒక యూనిట్‌కి అలా జరిగి, సరిదిద్దుకుని మళ్ళీ మొదలుపెట్టడానికి నానా తంటాలు పడింది. కఠినమే. కానీ షాపుల్లో తీసే శాంపిళ్ళు ఇంకా పెరగాలంటాను. ఫ్యాక్టరీలో పెట్టిన పైపు అందరిదీ బాగానే ఉంటుంది. మండల కేంద్రంలో సిమెంటు షాపు వెనక పేర్చిన పైపులో అసలు కథ ఉంటుంది.

అక్కడ ‘ఐఎస్ఐ క్వాలిటీ’, ‘ఐఎస్ఐ ప్రకారం’ అని అచ్చు వేసిన పైపులు కనిపిస్తాయి. గుర్తు ఉండదు, లైసెన్సు నంబరు ఉండదు, మాట మాత్రం ఉంటుంది. అది ఏ పరీక్షకీ కట్టుబడని మాట.

సీసం సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే నల్గొండ దానిగా తాగే నీళ్ళలో కంటికి కనిపించనిది ఏం చేస్తుందో నేను మా ఊళ్ళలో వంగిపోయిన ఎముకల్లో చూశాను. అది ఫ్లోరైడ్, సీసం కాదు. కానీ రెండింటికీ రుచి లేదు, వాసన లేదు. పీవీసీని వేడిచేసినప్పుడు మాడకుండా కాపాడటానికి స్టెబిలైజర్ కలపాలి. చవకైనది, తేలికగా పనిచేసేది సీసంతో చేసినది. ఏళ్ళ తరబడి దేశమంతా అదే వాడారు. 2021లో కేంద్ర పర్యావరణ శాఖ సీసం స్టెబిలైజర్‌ని తొలగించాలని నిబంధనలు తెచ్చింది. మేము కాల్షియం-జింక్‌కి మారాం. మారడమంటే ఒక డబ్బా తీసి ఇంకో డబ్బా పెట్టడం కాదు. మెషీన్ వేడి మార్చాలి, మిక్సింగ్ మార్చాలి, మొదట్లో స్క్రాప్ కుప్పలు పడ్డాయి, పైపు లోపల పసుపు చారలొచ్చాయి. ఒంటరిగా మేమే మారి ఉంటే ఆ ఖర్చుతో మునిగిపోయేవాళ్ళం. అందరూ మారాలన్నారు కాబట్టి మారగలిగాం. మంచిపని ముందుగా చేసినవాడు నష్టపోకూడదంటే నియమం అందరికీ ఒకటే ఉండాలి. జాతీయ స్టాండర్డ్ అనేది నాకు అర్థమైంది ఆ నెలల్లోనే.

అలాగని గుర్తు లేకుండా అమ్మకూడదనే తప్పనిసరి ఆర్డర్ ప్రతిదానికీ పెట్టాలని నేననను. గత కొన్నేళ్ళలో కేంద్రం అలాంటివి, క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్లు అంటారు, చాలా తెచ్చింది. కొన్ని మంచివి. బొమ్మలే తీసుకోండి. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పరీక్షిస్తే దిగుమతి బొమ్మల శాంపిళ్ళలో దాదాపు 67 శాతం ఫెయిలయ్యాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులవి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి బీఐఎస్ గుర్తు తప్పనిసరి చేశారు. దిగుమతులు బాగా తగ్గాయి, సుంకం 20 నుంచి 60 శాతానికి పెంచడమూ అందుకు కారణమే. అందులో నాకు నచ్చింది, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ, నమోదైన హస్తకళల వాళ్ళకీ మినహాయింపు ఇవ్వడం. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్క చెక్కే కుటుంబాన్నీ, ఏటికొప్పాకలో అంకుడు కర్రకి లక్క పట్టించే కుటుంబాన్నీ ఫ్యాక్టరీ లైసెన్సు తెచ్చుకోమంటే ఆ కళ ఆ ఏడాదే ఆగిపోయేది. ఎక్కడ పట్టుబట్టాలో, ఎక్కడ వదలాలో తెలిసి రాసిన నిబంధన అది.

ముడిసరుకు విషయంలో మాత్రం అనుభవం వేరు. మన దేశంలో వాడే పీవీసీ రెసిన్‌లో సగానికి పైగా దిగుమతే. ఇక్కడ తయారుచేసేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మంది. అలాంటి ముడిసరుకుకి తప్పనిసరి గుర్తు అంటే విదేశీ కంపెనీ లైసెన్సు తీసుకునేదాకా దారి మూసుకుపోతుంది, రేటు కొద్దిమంది చేతుల్లోకి వెళ్తుంది, దెబ్బ తగిలేది మాలాంటి వాళ్ళకే. ఆర్డర్ వస్తుందట, వాయిదా పడిందట అన్న వార్తలతోనే మా కొనుగోళ్ళు తల్లకిందులయ్యేవి. 2025 నవంబర్‌లో పాలిస్టర్, ప్లాస్టిక్ ముడిసరుకుల మీద ఉన్న 14 ఆర్డర్లని కేంద్రం వెనక్కి తీసుకుంది. సరైన పని అనుకుంటాను. రెసిన్ మంచిదో కాదో తేల్చుకునే ల్యాబ్ మాకుంది, రసాయనం తెలిసినవాళ్ళున్నారు, వచ్చిన ప్రతి లాట్‌నీ మేం పరీక్షించుకోగలం. రైతుకి ల్యాబ్ లేదు. పరీక్షించుకోలేని వాడి చేతికి వెళ్ళే చోట గట్టిగా పట్టుబట్టాలి.

చిన్న యూనిట్లకి సొంత ల్యాబ్ తప్పనిసరి కాదు, గుర్తింపు ఉన్న బయటి ల్యాబ్ వాడుకోవచ్చని ఈ మధ్య సడలింపులిచ్చారు. ఖర్చు తగ్గుతుంది, నిజమే. మా దగ్గర చర్లపల్లిలో సిపెట్ అనే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ సంస్థ ఉంది, విజయవాడ వాళ్ళకి సూరంపల్లిలో ఉంది, మంచి ల్యాబ్‌లు. కానీ మందం, సాంద్రత, రివర్షన్ లాంటివి ఫ్యాక్టరీలోనే జరగాలి. రిపోర్టు నాలుగు రోజుల తర్వాత వస్తే ఆ పైపు అప్పటికే ఎక్కడో దేవరకొండ దగ్గర మట్టిలో ఉంటుంది. కాటేదాన్ లాంటి చోట పది యూనిట్లు కలిసి, నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒక ఉమ్మడి ల్యాబ్ పెట్టుకుంటే బాగుంటుందని మా అసోసియేషన్ మీటింగ్‌లో అడిగాను. స్థలం గురించి మాట్లాడుతున్నారు. ఇంకో మాట కూడా చెప్పాను. పైపుల స్టాండర్డ్‌లు రాసే కమిటీ సవరణ ముసాయిదాని అందరి అభిప్రాయం కోసం బయటపెడుతుంది. పెద్ద కంపెనీలు పేజీల కొద్దీ రాస్తాయి. మా వైపు నుంచి ఒక్క కాగితం వెళ్ళదు. తర్వాత ‘ఢిల్లీ వాళ్ళకి మన కష్టం తెలియదు’ అంటాం. ఈసారి ముసాయిదా వస్తే నేను డ్రాఫ్ట్ రాస్తానని, సంతకాలు మీరు పెట్టండని అడిగాను. కొందరు ఒప్పుకున్నారు.

కొనేవాళ్ళు చేయగలిగింది చిన్నదే. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకోండి. పైపు మీద ఉన్న సీఎం/ఎల్ నంబరు కొడితే ఏ కంపెనీ, ఏ ఊరు, ఏ సరుకుకి లైసెన్సు, ఇప్పుడు నడుస్తోందా లేదా అన్నీ వస్తాయి. బంగారానికి హాల్‌మార్క్ నంబరు చూసేదీ ఈ యాప్‌లోనే. బిల్లు మీద కంపెనీ పేరు, సైజు, కేజీలు రాయించుకోండి. ఒట్టి ‘పైపులు’ అని రాస్తే రేపు ఎవరినీ అడగలేరు.

పోయిన వారం మా చిన్నాయన కొత్త బోరుకి లైను వేసుకుంటూ పైపు ఫొటో పంపాడు. ‘మంచిదేనా బిడ్డా, బరువు బాగానే ఉంది’ అన్నాడు. బరువు అనగానే నాకు అనుమానమొచ్చింది. గుర్తు ఉంది, నంబరు ఉంది. యాప్‌లో కొడితే ఆ నంబరు అసలు పైపులదే కాదు, వేరే రాష్ట్రంలో ఇంకేదో సరుకు చేసే కంపెనీది. అప్పటికి సగం లైను కందకంలో పరిచేశారు. జిగురు వెయ్యొద్దు, మట్టి కప్పొద్దు అని చెప్పి, యాప్‌లోనే కంప్లయింట్ పెట్టించాను, ఫొటోలు, బిల్లు జతచేసి. షాపాయన మొదట గట్టిగానే మాట్లాడాడు, కంప్లయింట్ నంబరు చూపించాక పైపులన్నీ ట్రాక్టర్‌లో వెనక్కి తీసుకెళ్ళాడు. నేనొక ముక్క మాత్రం కోయించి తెప్పించుకున్నాను. సాంద్రత 1.46 దాటి చాలా పైకి వచ్చింది. ఆ అంకెనీ, పరీక్ష చేసిన పద్ధతినీ రాసి కంప్లయింట్‌కి జతపరిచాను. కొత్త పైపులు ఆదివారం దిగుతున్నాయి. వెర్నియర్ తీసుకుని వెళ్తున్నాను.